హంగరీ మనకు చుట్టమే!

మార్చి ఇరవై ఆరో తేదీ నాకు బాగా గుర్తు. ఆ రాత్రి సింగపూర్‌లో, పుంగ్గోల్‌లోని మా ఫ్లాట్‌లో గూలాష్ తిన్నాం. హంగరీ వాళ్ల మాంసం పులుసు అది. వాళ్ల మిరప్పొడి దొరక్క మా కోడలు పునీత లిటిల్ ఇండియా నుంచి తెచ్చిన కారం వేసింది. హంగరీ వాళ్లు దాన్ని ఎర్రగా, కమ్మగా తింటారట. మేం ఎర్రగా, ఏడుస్తూ తిన్నాం!

అయినా చెబుతున్నాను. ప్రతి ఇంటికీ ఏడాదికో స్కూలు ప్రాజెక్టు పడాల్సిందే!

క్లాసుకో దేశం పంచితే, మా మనవరాలు చందన క్లాసుకి ఈసారి హంగరీ వచ్చింది. మర్నాడు ఆ పిల్ల స్టేజీ ఎక్కి హంగరీ గురించి నాలుగు మాటలు చెప్పాలి. మొదట తన పేరు ఆ దేశపు పద్ధతిలో చెప్పుకోవాలి. చూడ్డానికి ఇదే అన్నిటికన్నా తేలిక కదండీ? మా ఇల్లు బోల్తా పడింది అక్కడే!

పక్క క్లాసుకి జపాన్ వచ్చింది. ఆ తల్లిదండ్రులది ఏం బతుకండీ? కింద షాపులో సుషీ కొని పంపేసి హాయిగా నిద్రపోతారు. వాళ్లకి జ్ఞానం ఎలా వస్తుంది? మా అబ్బాయి సురేన్ ఆఫీసుకి లీవు పెట్టి థర్మాకోల్‌తో హంగరీ పార్లమెంటు కట్టాడు. ఆ పొద్దున రైల్లో స్కూలుకి తీసుకెళ్తుంటే గోపురం ఊడి ఒక చైనీస్ ఆవిడ ఒళ్లో పడింది. ఆ తల్లి విసుక్కోలేదు. దిగేదాకా దాన్ని పసిబిడ్డలా పట్టుకుని కూర్చుంది. ప్రాజెక్టే లేకపోతే ఇంత దయ మా కంటపడేదా?

ఇక విజ్ఞానం! బాల్‌పాయింట్ పెన్ను కనిపెట్టింది హంగరీ ఆయన. రంగుల క్యూబు హంగరీ ఆయనదే. అగ్గిపుల్ల గీస్తే టపాకాయలా పేలే రోజుల్లో దాని నోరు మూయించిందీ హంగరీ ఆయనే. డిగ్రీ చదివి, ఉద్యోగమంతా ఆ పెన్నుతోనే సంతకాలు పెట్టినవాణ్ణి, ఒక్కనాడైనా కృతజ్ఞత చూపానా? ఇప్పుడు పెన్ను ముట్టుకోవాలంటే కాళ్లు కడుక్కుంటున్నాను!

అన్నిటికన్నా పెద్ద సంగతి, వాళ్లు ఇంటిపేరు ముందు చెప్పుకుంటారు! పెన్ను ఆయన బీరో వారబ్బాయి, లాస్లో. క్యూబు ఆయన రూబిక్ వారబ్బాయి, ఎర్నో. కారం కలిసింది, ఇంటిపేరు కలిసింది. ఇక గోత్రం కనుక్కుంటే చాలు! పక్క ఫ్లాట్ చైనీస్ వాళ్లూ అలాగే చెప్పుకుంటారు కదా అంటారా? పక్కింటివాళ్లని చూసి నేర్చుకునేదెవరండీ?

గూలాష్ మధ్యలో చందన అడిగింది. "తాతా, మన ఫ్యామిలీ నేమ్ ఏంటి? టుమారో ఫస్ట్ అదే చెప్పాలి లా." ఈ ఊళ్లో మాట చివర ఆ 'లా' తోక తప్పదు.

మా నాన్నగారు మలేషియాలో పుట్టారు. అక్కడి కాగితాల్లో మనిషి పేరు, తండ్రి పేరు ఉంటే సరిపోయింది. ఇంటిపేరు దారిలో ఎక్కడో దిగిపోయింది. ఇక్కడ స్కూల్లోనూ మా పిల్ల సురేన్ కూతురు చందన, అంతే.

"తిప్పి చెప్పు. సురేన్ చందన. సెటిల్!" అన్నాడు మావాడు. "ముందు మకాన్ కానివ్వు, గూలాష్ చల్లారిపోతోంది."

"డాడీ, దట్స్ యువర్ నేమ్! ఫ్యామిలీది కావాలి."

మావాడు చెంచా దించి నా వైపు చూశాడు. "ఏంటి నాన్నా అది? నా పెళ్లి కార్డులో వేశాం కదా! గు... గుంట?"

"గుడిమెట్ల" అన్నాను.

"గుడిమెట్ల చందన!" పిల్ల కళ్లు మెరిశాయి. "తాతా, సో హంగేరియన్ లా! మరి నానమ్మది?"

రత్నమ్మ పోయాక, నేను బాధపడతానని ఈ ఇంట్లో ఆమె పేరెత్తడం మానేశారు. ఆ మర్యాద వల్ల ఆ పేరు వినడానికి నేను ఎంత ఆకలిగా ఉన్నానో హంగరీకే తెలిసింది!

"పుట్టింటి పేరు పొన్నాడ. పొన్నాడ రత్నమ్మ."

"పొన్నాడ రత్నమ్మ" అంది చందన, గ్లాసుడు నీళ్లు తాగి.

కనుక తల్లిదండ్రులారా, ఇంటిపేర్లు చెప్పుకుంటూ టైము పాడుచేసుకోకండి. మూడు తరాలుగా మాకు తీరిక దొరకలేదు. ఏం నష్టమైంది? హంగరీ వచ్చి చెప్పిపోయింది కదా!

భోజనాలయ్యాక చందన మంచమెక్కి రెండు పేర్లూ వల్లె వేస్తోంది. సురేన్ గుమ్మంలో నిలబడి విన్నాడు. తనూ ఒకసారి పెదాలు కదిపి చూసుకున్నాడు. పిల్ల నిద్రలోకి జారాక మెల్లగా తలుపు మూశాడు.