వేపచెట్టు కింద నలభై కుర్చీలు

ఇంటి ముందు ఎన్ని కుర్చీలు వేస్తే ఆ ఇంట్లో మనిషి పోయినట్టు? నాలుగు వేస్తే కాదని అందరూ ఒప్పుకుంటారు. నలభై వేస్తే అవునని చిక్కడపల్లిలో ఒక వీధి వీధంతా తీర్మానించింది. ఈ రెండింటి మధ్య ఏ అంకె దగ్గర ప్రాణం పోతుందో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

సులోచన నారాయణగూడలోని ఒక బాలికల పాఠశాలలో ముప్పై రెండేళ్లు భూగోళం బోధించి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. శివరాత్రి మర్నాడు బాత్రూములో పడితే తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ తరువాత ఏడు వారాలు మొదటి అంతస్తులోని మంచానికే పరిమితమైంది. ఉగాది ఆమె మంచం పక్కనుంచే నడిచి వెళ్లిపోయింది.

ఆ ఏడు వారాల్లో ఆమెకు దొరికిన సంతోషాలు ఒక చేతి వేళ్లకు సరిపోతాయి. వంటమనిషి కమలవ్వ మామిడికాయ పప్పుకు పోపు పెట్టే చప్పుడు ఒకటి. ఎదుటి హాస్టల్ డాబా మీద గ్రూప్స్ పరీక్షకు చదివే అమ్మాయి గోదావరి ఉపనదులను గట్టిగా వల్లించడం మరొకటి. ఆ అమ్మాయి రోజూ మానేరును ఎడమగట్టున కలిపేది. సులోచన రోజూ మంచంలోంచే దాన్ని కుడిగట్టుకు మార్చేది. వీటన్నిటి కన్నా మించినది కిటికీలో సగం కనిపించే వేపకొమ్మ. అది చిగురించడం, ఆ చిగురు నడుమ తెల్లని పూత రావడం ఆమె చూసింది. పూత రాలిపోయేలోగా ఆ చెట్టు కింద ఒక్క అరగంట కూర్చోవాలని ఆమె కోరిక. మరో వసంతం మీద ఆమెకు పెద్దగా నమ్మకం లేదు.

అంబర్‌పేట్‌లో తమ్ముడు రాఘవేందర్ ఉన్నాడు. ఆటోలో ఇరవై నిమిషాల దూరం. ప్రతి శనివారం ఫోన్ చేసి, "మంచి బత్తాయిలు దిగినయ్ అక్కా, ఆదివారం తెస్త" అనేవాడు. ఏడు ఆదివారాలు గడిచాయి. బత్తాయిల కాలం కూడా గడవవచ్చింది.

ఆ బుధవారం ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. కిందికి దిగవచ్చునని, పది అడుగులకొకసారి కూర్చోవాలని ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. మెట్ల నుంచి వేపచెట్టుకు నలభై అడుగులు. అంటే నాలుగు కుర్చీలు. తెమ్మని కమలవ్వను వీధి చివర ఎల్లేశం టెంట్ హౌస్‌కు పంపింది.

టెంట్ హౌస్ వాళ్లకు ఒక మర్యాద ఉంది. పెళ్లికైతే తేదీ అడుగుతారు, ఎందరొస్తారని అడుగుతారు, పరదాల రంగు కూడా అడుగుతారు. చావు ఇంటివాళ్లను ఏమీ అడగరు. అమ్మ ఇవాళ నడుస్తుందన్న సంతోషంతో కమలవ్వ కళ్లు తుడుచుకుంటూ వెళ్లి, "ఎల్లేశం, అమ్మ ఇంటి ముంగట కుర్చీలు ఎయ్యాలె బిడ్డా" అంది. ఎన్ని కావాలో చెప్పేలోపే అతను చేతులు జోడించాడు.

"నువ్వు పో అవ్వా. అన్నీ నేను చూసుకుంట."

ఎంత మంచివాడో అనుకుంటూ కమలవ్వ తిరిగొచ్చి, వెనకగదిలో అమ్మకు నీళ్లు పోయడం మొదలుపెట్టింది. ఎల్లేశం నలభై కుర్చీలు దింపించి, తెల్ల టెంట్ వేయించాడు. తాళ్లు కట్టడానికి వేపకొమ్మలు అనుకూలంగా ఉన్నాయి.

తెల్ల గుడ్డను చూసి ఎదురింటివారు కాలనీ గ్రూపులో రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. అది పాత విద్యార్థినుల గ్రూపుకు, అక్కడినుంచి అంబర్‌పేట్‌కు చేరింది. పైకి వెళ్లి చూడాలని ఎవరికీ తోచలేదా అంటే, తోచింది. కాని పైనుంచి నీళ్ల చప్పుడు వినిపించింది. ఆఖరి స్నానం చేయిస్తున్నారని అర్థం చేసుకుని, అందరూ గౌరవంగా కిందనే కూర్చున్నారు. ఏడు వారాల్లో ఆ మెట్లెక్కని ముప్పై ఆరుగురు అరగంటలో వచ్చారు.

సులోచన వాకర్‌తో పద్నాలుగు మెట్లు దిగేసరికి అంతా వీపులే కనిపించాయి. కమలవ్వ ఆమెను చివరి వరుసలో కూర్చోబెట్టి, ఎల్లేశం అంతు చూడటానికి వెళ్లింది. సులోచన తల పైకెత్తింది. వేపపూత కనిపించలేదు. తెల్ల గుడ్డ కనిపించింది.

పక్క కుర్చీలో దుర్గమ్మ ఉంది. అశోక్ నగర్ నుంచి చిక్కడపల్లి దాకా ఏ చావునూ వదలని మనిషి. పోయినవారితో పరిచయం ఉండాలన్న నియమం పెట్టుకోలేదు.

"ఎట్ల పోయిందంట?" అని గుసగుసగా అడిగింది.

"బాత్రూముల పడ్డది."

"మస్తు బాధ పడ్డదా?"

"మొదటి మూడు వారాలు. తర్వాత అలవాటైంది."

"అయ్యో. సూడనీకి ఎవలన్న వచ్చిన్రా?"

"ఇవాళనే వచ్చిన్రు."

దుర్గమ్మ నిట్టూర్చింది. "నువ్వేమైతవమ్మా ఆమెకు?"

సులోచన కొంచెం ఆలోచించింది. "దగ్గరిదాన్నే" అంది.

అప్పుడే ముందు వరుసలో రాఘవేందర్ లేచి నిలబడ్డాడు. చేతిలో బంతిపూల దండ ఉంది. భుజం మీది తువ్వాలుతో నిజమైన కన్నీళ్లే తుడుచుకున్నాడు. ఆ సంగతి దాచడం అన్యాయం. "ప్రతి ఆదివారం వచ్చి అక్క పక్కన కూసునేటోణ్ని. మొన్న ఆదివారం గూడ ఈ చేతులతోనే బత్తాయి ఒలిచి, తొనతొన తినిపించిన" అన్నాడు.

సులోచన ఆ ఆదివారాన్ని శ్రద్ధగా విన్నది. అది ఆమెకు నచ్చింది. జరగని రోజే అయినా, అందులో తమ్ముడు మంచం పక్కన కూర్చున్నాడు, గదిలో బత్తాయి వాసన ఉంది. ఇంకాసేపు వినాలనిపించింది. కాని ముప్పై రెండేళ్లు తప్పులు దిద్దిన నోరు ఊరుకోలేదు.

"రాఘవేందర్, గింజలు తీసి పెట్టినవా?"

ముప్పై ఆరు తలలు వెనక్కి తిరిగాయి. ఎవరూ అరవలేదు. దుర్గమ్మ మాత్రం కుర్చీని కొంచెం దూరంగా జరుపుకుని, "బతికుంటే ముందుగాల చెప్పొద్దా?" అని నిష్ఠూరమాడింది.

పది నిమిషాల్లో వీధి ఖాళీ అయింది. చావుకైతే పనులు మానుకుని కూర్చోవచ్చు; బతికిన మనిషి కోసం మానుకోవడానికి ఎవరికీ కారణం కనిపించలేదు. రాఘవేందర్ అక్క పాదాల దగ్గర కూర్చుని ఏడ్చాడు. తరువాత గడియారం చూసుకున్నాడు. దండ ఎక్కడ పెట్టాలో తెలియక వాకర్‌కు తగిలించి, "ఆదివారం వస్త అక్కా. పక్కా" అన్నాడు.

ఎల్లేశం తలవంచుకుని వచ్చి తాళ్లు విప్పాడు. ఉదయం నుంచి రాలిన పూత అంతా గుడ్డ మీదే పోగైంది. ఒక కొస జారగానే అది ఒక్కసారిగా సులోచన జుట్టు మీద, ఒళ్లో, మూసిన కళ్ల మీద కురిసింది. దులపబోయిన కమలవ్వను సులోచన చెయ్యి పట్టుకుని ఆపింది. తన చుట్టూ ముప్పై తొమ్మిది ఖాళీ కుర్చీలతో ఆ అరగంటా పూర్తిగా కూర్చుంది. డాబా మీద అమ్మాయి మానేరును మళ్లీ ఎడమగట్టున కలిపింది. ఈసారి సులోచన దిద్దలేదు.

ఆదివారం వస్తానని మీరు ఎవరికి చెప్పి ఉన్నారో, ఆ పేరు ఈపాటికి మీకు గుర్తొచ్చే ఉంటుంది. ఇది మూసి పక్కన పెట్టి, ఇప్పుడే బయలుదేరండి. బత్తాయిలు తీసుకెళ్లండి, గింజలు మీరే తీయండి.