బావగారి విమాన లెక్క

కూతురి పెళ్లి రోజు పొద్దున్నే సాంబమూర్తి జేబులోని కాగితం తీసి చివరిసారి చూసుకున్నాడు. బావమరిది మహిపాల్ దుబాయ్‌లో తెల్లవారుజామున నాలుగింటికి విమానం ఎక్కుతాడు. రెండున్నర వేల కిలోమీటర్లు, మూడున్నర గంటలు. ఏడున్నరకు శంషాబాద్. సామాను తీసుకుని బయటపడేసరికి ఎనిమిది. కారులో మూడు గంటలు. పదకొండుకు హనుమకొండ ఫంక్షన్ హాలు, పదకొండున్నరకు ముహూర్తం.

మేనమామ గంపలో కూర్చోబెట్టి మోసుకురాకపోతే మండపం ఎక్కేది లేదని కూతురు సుహాసిని ఎప్పుడో తేల్చి చెప్పింది. అందుకే ఈ ప్రయాణం సాంబమూర్తి తన చేతుల్లోకి తీసుకున్నాడు. "దిగే టైము గూడ చెప్త బావా" అని మహిపాల్ ఫోనులో అంటే, "బస్టాండ్ల ముప్పై ఏండ్లు కంట్రోలర్‌గ చేసినోనికి టైము చెప్తవా?" అని పెట్టేశాడు.

ఎనిమిదింటికి ఎయిర్‌పోర్టు నుంచి డ్రైవర్ కొమురెల్లి ఫోను చేశాడు.

"సార్, ఆ విమానం తొమ్మిదింటికట."

"లేటా?"

"లేటు కాద్సార్, దాని టైమే గదట. దుబాయ్ గడియారం మనకన్న గంటన్నర ఎన్కకుంటదట గద. మీకు తెల్వదా?"

సాంబమూర్తికి తెలియదు. హనుమకొండలో నాలుగైతే పరకాలలోనూ నాలుగే అవుతుంది. ఆయన సర్వీసంతా ఆ ధీమాతోనే గడిచిపోయింది. వేళ్ల మీద మళ్లీ లెక్క వేశాడు. మహిపాల్ హాలుకు చేరేది పన్నెండున్నరకు. కొత్త పట్టుపంచెలో ఆయనకు చెమటలు పట్టాయి.

అప్పుడైనా నిజం చెబితే సరిపోయేది. కానీ పరువు అడ్డొచ్చింది. "విమానం జర లేటట" అన్నాడు భార్య సుభాషిణితో, మొహం చూడకుండా.

ఆ మాట వంటల దగ్గరికి చేరేసరికి విమానం మధ్యలో ఎక్కడో దిగిపోయింది. మగపెళ్లివారి విడిదికి చేరేసరికి అసలు ఆచూకీ లేకుండా పోయింది. మహిపాల్ ఫోను కలవడం లేదు. పది గంటలకు సుభాషిణి కుర్చీలో కూలబడి, "నా తమ్ముడు! నా ఒక్కగానొక్క తమ్ముడు!" అని గుండెలు బాదుకుంటోంది. గంప పక్కన పెళ్లికూతురు కాటుకంతా చెరిపేసుకుంది. ఎవరో సన్నాయి కూడా ఆపించారు.

భార్య ఏడుపు చూసి సాంబమూర్తి ఇక తట్టుకోలేకపోయాడు. తన గొప్ప కోసం బతికున్న మనిషిని గాల్లో మాయం చేశాడు. హాలు మధ్యకు వెళ్లి చేతులు జోడించాడు.

"ఏడ్వకున్రి. విమానం మంచిగనే ఉన్నది, లేటు గూడ గాలే. దుబాయ్ టైము వేరే ఉంటదని నాకే తెల్వలే. లెక్క తప్పినోన్ని నేను."

సుభాషిణి కళ్లు తుడుచుకుని భర్తను చూసిన చూపుకు, ఇందాకటి ఏడుపే నయమనిపించింది.

సరిగ్గా అప్పుడు గుమ్మంలోంచి మహిపాల్ లోపలికి వచ్చాడు. తలంటుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నవ్వుతూ.

"నువ్వెట్ల వచ్చినవ్‌రా?" అన్నాడు సాంబమూర్తి.

"నిన్ననే వచ్చిన బావా. నువ్వు లెక్కేసినవని తెల్వంగనే టికెట్ ఒకరోజు ముందుకు మార్పించుకున్న. చెప్తే నీ మనసు నొచ్చుకుంటదని ఖాజీపేటల దోస్తు ఇంట్ల పన్న. ఫోన్ల ఇక్కడి సిమ్ము లేకపాయె."

సుభాషిణి తమ్ముణ్ణి పట్టుకుని ఏడుస్తూనే నవ్వింది. సుహాసిని మళ్లీ కాటుక పెట్టుకుంది. మహిపాల్ నడుం బిగించి, ఇంకో ముగ్గురి సాయంతో గంప ఎత్తాడు.

ముహూర్తం ఒక్క నిమిషం కూడా తప్పలేదు. ఆ లెక్క పంతులుగారిది.