మట్టి ఉచితంగా పోయబడును

ప్రతి కాలనీకీ ఒక విషపు స్థలం ఉండి తీరాలి. పార్కు లేకపోయినా బతకొచ్చు, కమ్యూనిటీ హాలు లేకపోయినా సర్దుకోవచ్చు. విషంతో నిండిన ఖాళీ స్థలం లేని కాలనీని మాత్రం నేను కాలనీగా లెక్కలోకి తీసుకోను.

ఈ మాట సరదాకి అనడం లేదు. రైల్వే పార్సిల్ ఆఫీసులో హెడ్ క్లర్కుగా రిటైరై, ప్రస్తుతం రాయపూర్‌లో భన్‌పురి పక్కన మా కాలనీ సంక్షేమ కమిటీకి అధ్యక్షుడిగా ఉన్న కొండలరావు అనే నేను పూర్తి బాధ్యతతో అంటున్నాను. నన్ను అధ్యక్షుడిగా ఎవరూ ఎన్నుకోలేదు. మొదటి మీటింగుకి సొంత కుర్చీ తెచ్చుకున్నది నేనొక్కణ్ణే కావడంతో అలా జరిగిపోయింది.

మా వీధి చివర ఒకప్పుడు పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే చిన్న కార్ఖానా ఉండేది. దాని యజమాని ఒకరోజు షట్టర్ దించేసి ఎటో వెళ్లిపోయాడు. యాసిడ్ తాగిన నేలనీ, సీసం కలిసిన బూడిదనీ, పగిలిన నల్ల ప్లాస్టిక్ బ్యాటరీ డబ్బాల్నీ మాకు వదిలిపెట్టాడు. కొన్నాళ్లకి స్థలం సర్కారు చేతికొచ్చింది.

మామూలు ఖాళీ స్థలమైతే ఏమవుతుందో మీకు తెలియదా? ముందొక పాన్ ఠేలా వెలుస్తుంది. దాని పక్కన పంచరు షాపు. ఆ తర్వాత పెళ్లి షామియానా, దానికో డీజే. మా స్థలంలో ఎవరూ కాలు పెట్టలేదు. గడ్డి మొలవదు కనుక కోయించే బాధ లేదు. ఆవులు పడుకోవు. వానాకాలంలో నిలిచే నీళ్లు ఆకుపచ్చగా మెరుస్తూ ఉండేవి, వాటిలో గుడ్లు పెట్టే ధైర్యం ఏ దోమకీ లేకపోయింది. వారం రోజులుందామని దిగిన మా బావమరిది, ఆ గాలి పీల్చి సాయంత్రం బండికే తిరుగు ప్రయాణం కట్టాడు. ఇంతటి మేలు ఏ పార్కు చేస్తుంది చెప్పండి?

అయినా అధ్యక్షుడన్నాక ఏదో ఒక ఫిర్యాదు చేయాలి. అందుకని మున్సిపల్ కార్పొరేషన్ జోన్ ఆఫీసుకి వెళ్లాను.

అక్కడి ఇంజనీరు ప్రేమ్‌చంద్ గారు చాలా మంచి మనిషి. ఎప్పుడు వెళ్లినా కూర్చోబెట్టి టీ తెప్పిస్తారు. అంతా విని, "హో జాయేగా, రావ్ సాబ్" అంటారు. అయిపోతుంది అని అర్థం. ఏం అయిపోతుందో ఆయన చెప్పరు. టీ చల్లారిపోతుందని నేనూ అడగను.

మొదటి ఫిర్యాదుకి స్థలంలో 'ప్రమాదం' అని బోర్డు పెట్టారు. ఈదురుగాలికి అది పడిపోయింది. రెండోసారి వెళితే, బోర్డు అవసరమే లేకుండా చుట్టూ గోడ కట్టేశారు. గోడ మీద అడవి, జింకలు, నెమళ్లు వేయించారు. మూడోసారి వెళ్లేసరికి వాళ్లకీ పట్టుదల పెరిగింది. విషం మీద నాలుగు లారీల ఎర్రమట్టి పరిచి, మొక్కలు నాటి, జారుడుబల్ల, ఉయ్యాల పెట్టి, దాన్ని పార్కు చేసేశారు.

ప్రారంభోత్సవానికి నన్ను వేదిక మీదికి పిలిచారు. రిబ్బను కత్తిరించింది వేరే పెద్దలు. బిగుతుగా పట్టుకున్నది నేను. శాలువా కూడా కప్పారు.

ఆ వర్షాకాలంలోనే మొక్కలన్నీ ఎండిపోయాయి.

"ఏమండీ, వానల్లో మొక్కలు ఎండిపోవడం ఎక్కడైనా చూశారా?" అంది మా ఆవిడ మాలతి.

"మొక్కల్లో క్వాలిటీ లేదు" అన్నాను. శాలువా కప్పించుకున్నవాడికి ఆ మాత్రం విషయ పరిజ్ఞానం వస్తుంది. ఎండిన మొక్కలు పీకేసి ప్లాస్టిక్ గడ్డి పరిచారు. అది మాత్రం ఏడాది పొడవునా పచ్చగా ఉంది.

పార్కు గోడకి ఆనుకుని పైడమ్మ ఉండేది. పలాస వైపు మనిషి. భర్త రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేస్తూ పోయాడు. కూతురు రైస్ మిల్లులో పనికి వెళితే, మనవరాలు వీణని పైడమ్మే చూసుకునేది. వీణకి నాలుగేళ్లుంటాయి. పార్కు వచ్చిన నాటి నుంచీ ఆ పిల్ల మకాం అక్కడే. జారుడుబల్ల కింద ప్లాస్టిక్ గడ్డి చిరిగిపోయిన చోట కూర్చుని మట్టితో ఇళ్లు కట్టేది. నేను అటు వెళితే, "తాతా, నీకూ ఒక ఇల్లు" అని చూపించేది. నేను గంభీరంగా గృహప్రవేశం చేసి వచ్చేవాణ్ణి.

కొన్నాళ్లకి వీణ తిండి మానేసింది. కడుపు పట్టుకుని ఏడ్చేది. తర్వాత ఏడవడం కూడా తగ్గిపోయి, పిలిస్తే పలకకుండా గోడ వైపు చూస్తూ కూర్చునేది. దిష్టి తీశారు, మందులు మార్చారు. చివరికి పెద్దాసుపత్రిలో రక్తం పరీక్ష చేసి, ఒంట్లో సీసం చేరిందన్నారు. పిల్ల ఎక్కడ ఆడుకుంటుందని డాక్టరు అడిగాడట.

ఆ సంగతి పైడమ్మే నాకు చెప్పింది. "పార్కులో ఆడతాది బాబూ, మా రావుబాబే సర్కారోళ్లతో కొట్లాడి తెప్పించినారు అని సెప్పినాను. డాక్టరు మీ పేరు రాసుకోనేదు గాని, నాను మాత్రం సెప్పినాను."

ఆమె గొంతులో నిష్ఠూరమేమీ లేదు. నిజంగానే గర్వంగా చెప్పింది. ఇంటికొచ్చాక భోజనానికి కూర్చుని కూడా తినలేక లేచిపోయాను.

మర్నాడు నా కుర్చీ ఆటోలో వేసుకుని జోన్ ఆఫీసు గేటు ముందు దిగి, అక్కడే ధర్నాకి కూర్చున్నాను. టీ వచ్చింది, తాగలేదు. ఎండ ఎక్కితే మాలతి గొడుగు తెచ్చి పట్టుకుంది. మర్నాడు కాలనీ ఆడవాళ్లు వచ్చారు, ఆ మర్నాడు మగవాళ్లు తప్పనిసరై వచ్చారు. పేపర్లో ఫొటో పడింది. ప్రేమ్‌చంద్ గారు స్వయంగా బయటికొచ్చి, స్థలంలోని మట్టి మొత్తం లోతుగా తవ్వి తీసేస్తామని మాటిచ్చారు.

ఈలోగా డాక్టరు చెప్పిన ప్రకారం పైడమ్మ వాళ్లు ఇల్లు మారిపోయారు. సిల్తారా వెళ్లే దారిలో, కూతురి మిల్లుకి దగ్గరగా, ఒక పల్లపు సందులో గది దొరికింది.

అన్నమాట ప్రకారం జేసీబీలు వచ్చాయి. నేను కొబ్బరికాయ కొట్టి, మట్టి నింపుకున్న మొదటి లారీకి దండ వేశాను. చప్పట్లు మోగాయి. లారీలు ఒకదాని వెనక ఒకటి వీధి మలుపు తిరిగి కనుమరుగవుతుంటే, కూతుర్ని అత్తారింటికి పంపుతున్న తండ్రిలా కళ్లు తుడుచుకున్నాను. ఏ అత్తారిల్లో కనుక్కున్నానా? లేదు.

ఆ ఊపులో ఉండగానే ప్రేమ్‌చంద్ గారు నా భుజం మీద చెయ్యి వేసి, ఇంకేమైనా సేవ ఉంటే చెప్పమన్నారు. మా పెరడు పల్లం. వానొస్తే వంటింటి గుమ్మం దాకా నీళ్లు నిలుస్తాయి.

"ఒక లారీ మట్టి దొరికితే పెరడు ఎత్తు చేయించుకుంటాను" అన్నాను.

"ఫ్రీ మే హో జాయేగా" అన్నారాయన. ఉచితంగా అయిపోతుందట. "కాంట్రాక్టరుకి ఫోన్ చేస్తాను."

నా ఒక్కడికే అడిగితే స్వార్థం అనుకుంటారేమోనని, పైడమ్మ ఉండే సందు గుర్తులు కూడా చెప్పి అక్కడికీ ఒక లారీ పంపమన్నాను, పైడమ్మకీ కబురు పెట్టాను. పరోపకారం నాకు పుట్టుకతోనే ఉంది.

లారీ నిజంగానే వచ్చింది. ఇద్దరు కూలీలు పెరడంతా చదును చేసి వెళ్లారు. మట్టి కొంచెం నల్లగా ఉంటే, నల్లరేగడి కాబోలు, గోంగూర బాగా వస్తుందని మాలతికి హామీ ఇచ్చాను.

మాలతి పొట్లపాదు వేద్దామని గునపం పట్టుకుంది. కాసేపటికి నన్ను పిలిచింది. ఆమె అరచేతిలో నల్ల ప్లాస్టిక్ డబ్బా ముక్కలున్నాయి. ఒకదాని మీద బ్యాటరీ కంపెనీ అక్షరాలు సగం కనిపిస్తున్నాయి. ధర్నా రోజుల్లో అలాంటి ముక్కల్ని నేనెన్నిసార్లు పట్టుకుని పేపరు వాళ్లకి చూపించాను! వంగి వాసన చూశాను. మా బావమరిదిని సాయంత్రం బండెక్కించిన వాసనే.

"మట్టి మనదేనండీ" అంది మాలతి.

ప్రేమ్‌చంద్ గారికి ఫోన్ చేశాను.

"రావ్ సాబ్, పార్కు స్థలం క్లీన్ అయిందా, లేదా?" అన్నారు.

"అయింది. కానీ ఆ మట్టి మా పెరట్లో ఉంది."

"పెరడంటే ప్రైవేట్ ప్రాపర్టీ. అందులో మేమెలా తలదూరుస్తాం?" అని, గొంతు తగ్గించి, "అలాంటి మట్టి ఇంట్లో ఉంచుకోవడం నేరం. మీరు మనవాళ్లు కనుక చెబుతున్నాను" అన్నారు.

ఫోన్ పెట్టేసి మాలతి వైపు చూశాను. ఆవిడ అప్పటికే కాళ్లూ చేతులూ కడుక్కుని చెప్పులు వేసుకుంటోంది.

"పైడమ్మకి కూడా పంపించమన్నారుగా" అంది.

స్కూటర్ మీద సిల్తారా దారి పట్టాం. దారి పొడుగునా లారీలే. ఏ లారీలో మట్టి కనిపించినా నల్లగా ఉందేమోనని తొంగి చూశాను.

పైడమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. వీణ ఆమె ఒళ్లో ఉంది. కాస్త తేరుకున్నట్టే ఉంది, నన్ను చూసి చెయ్యి ఊపింది. వాళ్ల గది ముందు నేల ఎప్పటిలాగే పల్లంగా, బురదగా ఉంది. కొత్త మట్టి ఎక్కడా లేదు. గోడకి చేరబడి ఊపిరి పీల్చుకున్నాను.

"ఏటి బాబూ, ఇప్పుడా రావడం?" అంది పైడమ్మ. ఆమె గొంతులో నిష్ఠూరం వినడం నాకదే మొదటిసారి. "మీరు పంపిన లారీ ఈ సందులోకి పట్టనేదంట. సందు మొగలోనే కుమ్మరించేసి ఎల్లిపోనాడు. నాను పాపనెత్తుకుని ఆస్పత్రికి ఎల్లినాను. వచ్చీసరికి సందులోవోలందరూ తట్టలతో మోసుకుపోనారు. నా కోసం పంపినారు, నాకు పిడికెడు మన్ను దక్కనేదు. ఇంకో లారీ పంపించండి బాబూ."

అప్పుడు సందు వైపు చూశాను. ప్రతి గుమ్మం ముందూ నేల నల్లగా, ఎత్తుగా, చక్కగా చదును చేసి ఉంది. ఒక ఇంటి ముందు నీళ్లు చల్లి ముగ్గు వేశారు. ఇంకో ఇంటి ముందు ఇద్దరు పిల్లలు ఆ మట్టిని తడిపి ముద్దలు చేసుకుంటున్నారు. ఇదంతా పంపించిన రావ్ సాబ్ నేనేనని పైడమ్మ అందరికీ చెప్పి ఉంచింది కనుక, ఒక్కొక్కరూ బయటికొచ్చి దణ్ణాలు పెట్టారు.

మాలతి వెళ్లి ముందు ఆ పిల్లల చేతులు కడిగింది. నేను ఇంటింటికీ వెళ్లి చెప్పాను. నా రైల్వే హిందీ ఎప్పుడూ అంత తడబడలేదు. ఒకాయన, ఇచ్చిన మట్టి వెనక్కి అడుగుతున్నానని తిట్టాడు. చివరికి పైడమ్మే వీణని ఎత్తుకుని ప్రతి గుమ్మంలోనూ నిలబడింది. ఆ పిల్ల ముంజేతి మీద సూది గుచ్చిన మచ్చలు చూపించింది. అప్పుడు నమ్మారు.

"తీసేస్తాం సరే. ఎక్కడ పొయ్యమంటారు?" అన్నారు.

నాకు ఒక్క చోటే తట్టింది. వాళ్లు ముక్కులకి గుడ్డలు కట్టుకుని ఆ మట్టిని మళ్లీ గోనెసంచుల్లోకి ఎత్తారు. రెండు మెటాడోర్ వ్యాన్లలో వేయించి మా ఇంటికి తెచ్చాను. ఇప్పుడు మా పెరట్లో సంచులు మా వంటింటి కిటికీ ఎత్తున ఉన్నాయి. పైన టార్పాలిన్ కప్పి, చుట్టూ తాళ్లు కట్టాను. మాలతి కిటికీ మూసేసి వంట చేస్తోంది. మిగతా లారీల సంగతి మాత్రం నాకింకా తెలియదు. ఈ మధ్య మీ ఇంటి ముందెవరైనా ఉచితంగా మట్టి పోశారా?

అందుకే మళ్లీ చెబుతున్నాను. మీ వీధిలో విషపు స్థలం ఉంటే పదిలంగా చూసుకోండి. బాగుచేయమని మాత్రం అడగకండి. గట్టిగా అడిగితే చేసేస్తారు. మీ గొంతు వినిపించినంత మేరా తుడిచిపెట్టి, వినిపించని చోటికి చేరవేస్తారు.

నిన్న ప్రేమ్‌చంద్ గారు ఫోన్ చేశారు. ప్రమాదకరమైన మట్టి నిల్వ చేశానని నా మీద ఫిర్యాదు అందిందట. ఇచ్చిందెవరని అడిగాను. మా కాలనీ సంక్షేమ కమిటీ అన్నారు. కొత్త అధ్యక్షుణ్ణి ఎన్నుకుని మరీ ఇచ్చారట.

"కంగారు పడకండి. రేపే లారీ పంపించి మొత్తం క్లీన్ చేయించేస్తాను" అన్నారు.

"ఎక్కడికి తీసుకెళతారు?" అని అడిగాను.

ఆయన నిజాయితీగానే ఆశ్చర్యపోయారు. ఇన్నేళ్ల సర్వీసులో ఆ మాట అడిగినవాళ్లు లేరట.

అది చెప్పేదాకా గేటు తియ్యనన్నాను. పొద్దున్నించీ లారీ బయట హారన్ కొడుతోంది.