మట్టికాళ్ళు

రిటైరైన క్రేన్ ఆపరేటరు జోగయ్యకు భార్య పోయి ఏడాదైంది. ఆయన ఒంటరితనాన్ని నిర్మూలించాలని భిలాయిలోని మన తెలుగు సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. శాలువా కప్పి, కొబ్బరికాయ చేతిలో పెట్టి, టీవీకి తగిలించే కొత్త ఆటపెట్టె బహూకరించింది. ఆయన వేదిక మీద ఉండగానే, పక్కింట్లో ఇచ్చొచ్చిన తాళంచెవి అడిగి పుచ్చుకుని, పాత కంప్యూటరును పాతసామాన్లు కొనే కబాడీవాడికి అప్పగించింది. సేవ అంటే అడక్కుండా చేసేదే.

కంప్యూటర్లో ఉన్నదీ పెట్టెలో వచ్చిందీ ఒకటే ఆట. ఇల్లు కట్టుకోవాలి, కాపురం చెయ్యాలి. పాతదాంట్లో ఎవరికి కావలసింది వాళ్ళు చేర్చుకోవచ్చు. కూతురు సాయిప్రియ అందులో తమ క్వార్టరును దించింది. వెనక రేకుల షెడ్డు వేసింది. తల్లి అప్పలనరసమ్మ గొంతు కూడా పెట్టింది. బొమ్మ జోగయ్య గుమ్మం తొక్కితే చాలు, వినపడేది:

"ఏటయ్యా, మళ్ళీ మట్టికాళ్ళతోనే వచ్చేసినావా?"

జోగయ్య రోజుకు నలభైసార్లు గుమ్మం తొక్కేవాడు.

కార్యదర్శి రామమోహనరావుగారు కొత్తదాని విశిష్టతను సభకు వివరించారు: "ఇందులో బయటి సరుకు చేరదు. ఎవడి ఇష్టం వాడిది కాదు. అంతా కంపెనీ ఆమోదించిందే. క్రమశిక్షణంటే ఇదీ!" ఆయన క్వార్టరుకు అనుమతి లేని గదులు రెండున్నాయి. చప్పట్లు మోగాయి.

ఇంటికొచ్చి జోగయ్య కూతురికి ఫోను చేశాడు.

"అమ్మని ఇందులోకి ఎలాగెక్కించాలమ్మా?"

"ఎక్కదు నాన్నా. అయినా ఆ గొంతు పాత కంప్యూటర్లోనే ఉండీది. అదేటి సేసినారు?"

జోగయ్య కబాడీ కొట్టుకు పరిగెత్తాడు. "అరే చాచా, అది ఇందాకే రాయ్‌పూర్ లారీ ఎక్కేసింది," అన్నాడు కొట్టువాడు.

మర్నాడు సంఘ సభ్యులు పరామర్శకు వచ్చి పెట్టె విప్పి, టీవీకి తగిలించి చూపించారు. ఆటలో ఆమోదం పొందిన భార్యలు పన్నెండు మంది. అందరూ తెల్లగా ఉన్నారు, అందరూ నవ్వుతున్నారు, ఒక్కతీ మాట్లాడదు. సభ్యులు ముచ్చటపడ్డారు. ఇద్దరు ధర కనుక్కున్నారు.

"ఎవర్ని పెట్టమంటావు భయ్యా?" అన్నారు రావుగారు.

ముప్పై ఆరేళ్ళు భార్య గొంతు లేచినప్పుడల్లా టీవీ శబ్దం పెంచినవాడు జోగయ్య. ఇప్పుడు శబ్దం చివరిదాకా పెంచి, బొమ్మను గుమ్మం దాటించాడు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది.

"చూశారా, ఎంత ప్రశాంతమో!" అన్నారు రావుగారు. తమ ఇళ్ళు గుర్తొచ్చి, అందరూ నిట్టూర్చారు.