నీడ పోయిన అల్లుడు

రెండు రోజులు ఉండి వెళ్తానని వచ్చిన ఫాంగ్ పెద్దమ్మ, నలభయ్యో రోజున కూడా బూన్‌హో పేము కుర్చీలో కూర్చుని, బూన్‌హో విసనకర్రతో విసురుకుంటూ, బూన్‌హో రేడియో వింటోంది. ఉప్పులో ఊరిన బాతుగుడ్డు కోస్తే పచ్చసొన ఆమెకి, తెల్లసొన ఇతనికి. భార్య కిమ్‌చూ తరఫు మనిషి. వెళ్లమని అనడానికి లేదు. భయపడి పారిపోతే మాత్రం ఎవరి తప్పూ కాదు.

బూన్‌హో షుయ్‌షాంగ్ ఊరి బడిలో మాస్టరు. ఊరవతలే కర్కట రేఖ స్తంభం. ఏడాదికొక్కసారి, జూన్‌లో, అక్కడ మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. నిటారుగా ఉన్న దేనికీ నీడ పడదు. ఈ పాఠం పదకొండేళ్లుగా అయిదో తరగతికి చెబుతున్నాడు. పిల్లలకి ఎప్పుడూ ఎక్కలేదు. ఈ ఏడు మాస్టారికే బాగా ఎక్కింది.

శుక్రవారం భోజనాల దగ్గర గొంతు తగ్గించాడు.

"అత్తయ్యగారూ, చెప్పకూడదు గానీ, ఈ పెరట్లో ఏటా ఈ రోజుల్లో ఒకటి తిరుగుతుంది. నీడల్ని తింటుంది."

"ఉప్పేసుకునా, వేసుకోకుండానా?" అంది పెద్దమ్మ, వక్క బుగ్గన పెట్టుకుంటూ.

"నవ్వులాట కాదు. నీడ పోయిన మనిషి ఇక మనిషి కాదట. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లనే ముందు పట్టుకుంటుందని మా నాన్న చెప్పేవాడు."

"మీ నాన్న ఈ ఇల్లే చూళ్లేదు కదండీ," అంది కిమ్‌చూ.

"చూడకపోయినా తెలుసు ఆయనకి."

కిమ్‌చూ మొగుడి మొహంలోకి కాసేపు చూసి, మళ్లీ గిన్నెలోకి చూసుకుంది.

ఆదివారం పన్నెండు కావస్తుండగా బూన్‌హో పెరడు మధ్య వెదురుగడ నిటారుగా పాతాడు. పెద్దమ్మని పిలిచాడు. ఎండ సున్నం పోసినట్టు తెల్లగా ఉంది. బోరింగు నీడ, కుండల నీడ, వెదురు నీడ, అన్నీ ఎవరో లోపల్నుంచి లాక్కుంటున్నట్టు కురచబడ్డాయి. కీచురాళ్లు ఉన్నట్టుండి ఆగిపోయాయి. గాలి లేదు. చివరికి వెదురు కింద నేల ఒట్టిదైపోయింది. గడ భూమిని తాకకుండా నిలబడ్డట్టుంది.

"చూశారా?" అని గుసగుసలాడాడు.

పెద్దమ్మ వెదురు వంక చూడలేదు. అతని కాళ్ల వంక చూసింది.

"కిమ్‌చూ, అల్లుడి నీడేదే?"

గుమ్మంలోకి వచ్చిన కిమ్‌చూ పెరడంతా కలియజూసింది. "ఎవరితో మాట్లాడుతున్నావు పెద్దమ్మా? ఆయన బజారుకెళ్లి గంటయింది."

బూన్‌హో నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "ఏమిటే వేళాకోళం? ఎదురుగానే ఉన్నానుగా."

కిమ్‌చూ అతని పక్కనుంచే, చెయ్యి తగిలేంత దగ్గరగా నడిచి, వీధి తలుపు దగ్గరికెళ్లి, "ఏమండీ, అన్నం చల్లారిపోతోంది," అని ఖాళీ వీధిలోకి పిలిచింది. తిరిగి వస్తూ అతని కళ్లల్లోంచి వెనకనున్న గోడని చూసింది.

పక్కింటి కుక్క వచ్చింది. రోజూ అతన్ని చూస్తే గొంతు చించుకునే కుక్క. ఇవాళ వాసన చూసి, మూలిగి, తోక ముడుచుకుని వెళ్లిపోయింది. దానికెవరూ ఏమీ చెప్పలేదు.

అతను కిందికి చూసుకున్నాడు. నీడంతా చెప్పుల కిందికి దూరిపోయింది. పాఠం గుర్తుంది. అందులో భార్య పలక్కపోవడం లేదు, కుక్క మొరక్కపోవడం లేదు. మణికట్టు పట్టుకుని నాడి వెతికాడు. ఎంతకీ దొరకలేదు.

పెద్దమ్మ అన్నం గిన్నె తెచ్చి, చచ్చినవాళ్లకి పెట్టినట్టు తినే పుల్లలు రెండూ అన్నంలో నిలువునా గుచ్చి, పక్కన అగరొత్తి వెలిగించింది.

"తిను నాయనా. నువ్వు నాకు కనిపిస్తున్నావులే."

"నేను బతికే ఉన్నాను అత్తయ్యగారూ."

"మొదట్లో అందరూ అలాగే అంటారు."

బూన్‌హో నేలమీద కూలబడి, వెదురు మొదలు చూస్తూ కూర్చున్నాడు. పావుగంట పదకొండేళ్లలా గడిచింది. అప్పుడు వెదురుకి తూర్పున వేలెడు నీడ మొలిచింది.

"వచ్చింది," అన్నాడు. "నీడ వచ్చిందే కిమ్‌చూ."

"వచ్చారా," అంది కిమ్‌చూ, నేరుగా అతని వంక చూసి. "ఇంతసేపూ ఎక్కడున్నారండీ?"

పెద్దమ్మ వంగి చూసింది. "వేలెడే వచ్చింది. ప్రాణం ఇంకా చాలా బాకీ. మిట్టమధ్యాహ్నం నీడ నీ అంత పొడవు పడేదాకా కనిపెట్టుకుని ఉండాలి. అప్పటిదాకా నేను కదలను."

బూన్‌హో మనసులో లెక్క వేశాడు. సూర్యుడు దక్షిణంగా అంత దూరం జరిగేసరికి నవంబరు చివరికొస్తుంది.

"అత్తయ్యగారూ, అసలిది దయ్యమూ కాదు, ఏమీ కాదు. సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి..."

"తెలుసు నాయనా. ఆ స్తంభం దగ్గర పన్నెండేళ్లు చెరుకు రసం అమ్మాను. ఏటా ఈ రోజు జనం తోసుకునేవారు." వక్క ఉమ్మేసింది. "నవంబరు చివరంటే చలి పండగ ఎంతో దూరం లేదు. ఆ పండక్కి చేసే బియ్యప్పిండి ఉండలు కూడా తినే వెళ్తాను."

కిమ్‌చూ పుల్లలు పీకి గిన్నె అతని చేతిలో పెట్టింది. అతను ఆ అన్నమే తిన్నాడు.

అంతా తెలిసిపోయింది. అయినా ఆ మధ్యాహ్నమంతా బూన్‌హో పెరట్లో నాలుగడుగులు వేసి ఆగుతూ, వెనక్కి తిరుగుతూ తచ్చాడాడు.

"ఏం వెతుకుతున్నారండీ?" అంది కిమ్‌చూ బట్టలు ఆరేస్తూ.

"ఏం లేదు."

"వెనకే వస్తోందిలెండి," అంది. తర్వాత కాసేపు నేలవైపు చూస్తూ నిలబడి, "మీరాగినా అదాగడం లేదేమిటో," అంది.