మతిమరుపు రాక్షసికి ఎన్ని పాయింట్లు?

ఈ ఆదివారమైనా బల్ల మీద భోంచేద్దామని నేనూ, బల్ల ఖాళీ లేదని మా ఆయన హెడ్లీ పొద్దున్నుంచీ వాదించుకుంటూనే ఉన్నాం. అవెన్‌లో మాంసం సగం వేగింది. మా అత్తగారు ఐవీ అప్పుడే కోటు విప్పి కూర్చున్నారు. బల్ల మీద మాత్రం అట్టకొండలు, స్పాంజి అడవులు, వాటి మధ్య బోగర్.

బోగర్ అంటే హెడ్లీ జిగురుతో అతికించి, సన్నటి కుంచెతో రంగులేసిన రాక్షసి. పిల్లికంటే కొంచెం చిన్నది. ఆ శ్రద్ధలో పిసరంత మా వంటింటి గోడ మీద పెట్టి ఉంటే అది ఈపాటికి రాజమహలు అయ్యేది.

వాళ్ల క్లబ్బులో బొమ్మ సైన్యాలతో యుద్ధాలు చేస్తారు. అందరికీ సమానంగా పాయింట్లు. బలమైన జంతువుని తెచ్చుకుంటే ఎక్కువ పోతాయి, బలహీనమైనదైతే మిగుల్తాయి. కొత్త రాక్షసి పుడితే ఒక ఆట ఆడించి, కార్యదర్శి పెటిఫర్ గారు దాని విలువ తేలుస్తారు. అందుకే ఆయన మా ఇంట్లో కొలతపట్టీ పట్టుకుని నిలబడి ఉన్నారు.

"బోగర్‌ని నువ్వు నడుపు, బాతూ," అన్నాడు హెడ్లీ. మా నాటింగ్‌హామ్‌లో పెళ్లాన్ని ముద్దుగా బాతు అంటారు. ఇక్కడి మొగుళ్ల గారాబం అంతవరకే.

"నాకు ఆట రాదుగా."

"అందుకే," అనేసి నాలిక్కరుచుకున్నాడు.

నేను ఓడితే బోగర్ చవక. బోగర్ చవకైతే మిగిలిన పాయింట్లతో ఇంకో వరస విలుకాండ్రు. అర్థమైంది. ఆట అవగానే బల్ల ఖాళీ చేసే షరతు మీద ఒప్పుకున్నాను.

అంతకుమించి ఏమీ అర్థం కాలేదు. ఏ కొండ నాదో తెలియదు. బోగర్‌తో నా సైనికుణ్నే తొక్కించబోతే మా అమ్మాయి ఫిలిపా చెయ్యి పట్టుకుని ఆపింది. పైగా బోగర్‌కి బుద్ధి తక్కువట. ప్రతి వంతుకీ పాచిక వెయ్యాలి. అది సరిగ్గా పడకపోతే రాక్షసి ఎందుకొచ్చిందో మర్చిపోయి ఉన్నచోటే నిలబడిపోతుంది. అది నిలబడే ఉంది. హెడ్లీ బాణాలు వేస్తూ కూనిరాగం తీస్తున్నాడు.

నోరు తెరుచుకుని నిలబడ్డ ఆ తీరు ఎక్కడో చూసినట్టే ఉంది. కాసేపటికి గుర్తొచ్చింది. ఫ్రిజ్ తలుపు తీసి, ఎందుకు తీశాడో తెలియక నిలబడే హెడ్లీ.

అలాంటప్పుడు నేను చేసే పనే చేశాను. నా వెనక వరసలో కర్ర పట్టుకున్న ఆడకాపరి బొమ్మని తెచ్చి రాక్షసి పక్కన నిలబెట్టాను.

కూనిరాగం ఆగింది. "దాన్ని అక్కడెందుకు పెట్టావు?"

"పక్కన ఒక మనిషి లేకపోతే ఎలా?"

పెటిఫర్ గారు నిబంధనల పుస్తకం తిరగేసి గొంతు సవరించుకున్నారు. "కాపరి పక్కనుంటే పాచిక అక్కర్లేదు. ఈ సంగతి మీ ఆవిడకి చెప్పలేదా, హెడ్లీ?"

హెడ్లీ పైకప్పులో ఏదో పగులు ఉన్నట్టు చూస్తున్నాడు.

ఆ తర్వాత బోగర్ విలుకాండ్రని తినేసింది. మంత్రగాణ్ని తింది. రాజుగారి వంతు వచ్చేసరికి నాకే జాలేసింది. అయినా ఆగలేదు.

పెటిఫర్ గారు కాగితం మీద లెక్క వేశారు. "ఒంటరిగా దీనికి విలువే లేదు. పక్కన ఆవిడ ఉంటే ఆపడం ఎవరి తరమూ కాదు. ఇద్దరికీ కలిపి కట్టాలి."

"ఆ ముక్క నేను వీడి పెళ్లినాడే చెప్పాను," అన్నారు మా అత్తగారు కుర్చీలోంచి.

ఆయన తేల్చిన విలువకి హెడ్లీ పాయింట్లన్నీ హరించుకుపోయాయి. బోగర్, కాపరి పోగా అతని సైన్యంలో ఒక డోలు వాయించేవాడు మిగిలాడు.

మాటిచ్చాడు కాబట్టి, తల వంచుకుని కొండల్ని ఒక్కొక్కటే పెట్టెలో సర్దడం మొదలుపెట్టాడు. నేను బల్ల వంక చూశాను. బోగర్ కూడా నా వంకే చూస్తున్నట్టుంది.

"ఉంచు, హెడ్లీ," అన్నాను మెల్లగా. అందరూ నావైపు తిరిగారు. "ఈ పూటకి పళ్లేలు ఒళ్లో పెట్టుకునే తిందాం. అత్తయ్యా, గ్రేవీ ఒలకకుండా చూసుకోండి. తిన్నాక పెటిఫర్ గారితో నాకు ఇంకో ఆట ఉంది. వచ్చే వారం నుంచి క్లబ్బుకి బోగర్‌ని నేనే తీసుకెళ్తాను. నువ్వూ రా, కొలతపట్టీ పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి."