విట్లో జట్టులో ఒక విద్యార్థి

1904వ సంవత్సరం అక్టోబరు నెలలో, ఇండియానా రాష్ట్రంలోని విట్లో కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో ఒక విద్యార్థి ఉన్నట్టు బయటపడింది.

అతని పేరు ఆరిన్ టటిల్. మొక్కజొన్న రైతు కొడుకు. ఇంకొక్క టర్ము గడిస్తే డిగ్రీ చేతికొస్తుంది, సొంత ఊళ్లో బడిపంతులు ఉద్యోగం ఖాయం. ఆటంటే ప్రాణం కనుక, ఆ కుమ్ములాటలో తల పగలకుండా ఆటగాళ్లందరిలాగే తనూ జుట్టు భుజాల దాకా పెంచాడు. మిగతా పదిమంది సంగతి ఊరందరికీ తెలిసిందే: గని కార్మికులు, కసాయివాళ్లు, బొహానన్ అనే కమ్మరి, ఒక పోలీసు. ఆ పోలీసుగారి పెద్దమ్మాయి అదే కాలేజీలో తండ్రి కంటే ఒక తరగతి పైన చదువుతోంది. వీరంతా ఆటలు మొదలయ్యే సెప్టెంబరులో చేరి, అవి ముగిసే నవంబరుకల్లా విద్య పూర్తిచేసే మేధావులు.

మ్యాచ్ ఓడిపోయి, రెండు దవడలు విరగ్గొట్టించుకున్న క్రాస్‌ఫోర్క్ కాలేజీ, వీళ్లు విద్యార్థులే కారని ఫిర్యాదు చేసింది. విట్లో అధ్యక్షుడు రెవరెండ్ ప్లమ్లీ ప్రార్థనామందిరంలో గర్జించారు.

"ఈ విద్యాలయం సత్యమనే పునాది మీద నిలిచింది! పదకొండుమందికీ పరీక్ష పెడతాం! తప్పినవాడికి జట్టులోనే కాదు, కాలేజీలోనూ చోటు లేదు!"

పరీక్షాధికారి గ్రీకు ప్రొఫెసర్ స్టిల్‌వెల్. ఆయన బొహానన్‌ను, "గ్రీకులు ఎక్కడివాళ్లు?" అని అడిగారు.

కమ్మరి చాలాసేపు తల గోక్కుని, "ఈ ఊరివాళ్లయితే కాదండీ" అన్నాడు.

స్వతంత్రంగా ఆలోచించాడని మెచ్చి, ప్రథమ శ్రేణి ఇచ్చారు.

ఆరిన్ ముందు మాత్రం నిలువెత్తు గ్రీకు పాఠం పెట్టి అనువదించమన్నారు. ఆటకోసం వారాల తరబడి పాఠాలు ఎగ్గొట్టిన పిల్లవాడు మూడో వాక్యం దగ్గరే బోల్తాపడ్డాడు.

"అయ్యా, నన్నూ గ్రీకులెక్కడివాళ్లో అడగండి" అని బతిమాలాడు.

"ఛ, ఛ! నువ్వు నిజమైన విద్యార్థివి నాయనా. నీ పట్ల పక్షపాతం చూపిస్తే కాలేజీ పరువేం కాను?"

పదిమంది ప్యాసయ్యారు, ఒకడు తప్పాడు. పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టు, ఆటకు పోతూ విద్యార్థిని తీసుకుపోవడమేమిటని పెద్దలు ముక్కున వేలేసుకున్నారు. జట్టులోని మచ్చ తొలగిందని రెవరెండ్‌గారు దేవుడికి కృతజ్ఞతలు చెప్పారు.

పెట్టె సర్దుకుంటూ ఆరిన్ వెక్కి వెక్కి ఏడ్చాడు. చూడలేక బొహానన్ భుజం తట్టాడు.

"ఏడవకురా అబ్బాయ్. చదువుకునేవాడికి కాలేజీతో పనేంటి చెప్పు? నేనిక్కడ చదువులో పడ్డాక నా కొలిమి ఖాళీగానే ఉందిగా. పోయి తిత్తులూదుకో."

ఏడాది సమ్మెట కొట్టేసరికి ఆరిన్ చేతులు దుంగల్లా అయ్యాయి. మళ్లీ సెప్టెంబరు వచ్చింది. క్రాస్‌ఫోర్క్ పెద్దమనుషులు బండి దిగి, ఎద్దును బేరమాడినట్టు అతని జబ్బలు పిసికి చూసి, విద్యాతృష్ణ గల యువకుడని నిర్ధారించుకుని చేర్చుకున్నారు. ఈసారి విట్లో కాలేజీ ఫిర్యాదు చేసింది. అక్కడా పరీక్ష జరిగింది. అక్కడి గ్రీకు ప్రొఫెసరూ అదే ప్రశ్న వేశాడు.

కొలిమి దగ్గర ఏడాదంతా వల్లెవేసిన గ్రీకు మొత్తం ఆరిన్ గొంతుదాకా వచ్చింది. డిగ్రీ గుర్తొచ్చింది. గుటక వేశాడు.

"ఈ ఊరివాళ్లయితే కాదండీ."

ప్రథమ శ్రేణిలో ప్యాసయ్యాడు. డిగ్రీ వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. ఇప్పుడు టటిల్‌గారు ఆ జిల్లా బళ్లన్నిటికీ పెద్ద, ప్రశ్నపత్రాలు ఆయనవే. మొన్న అదే గ్రీకుల ప్రశ్నకు ఒక పిల్లవాడు ఏథెన్సు, స్పార్టా అంటూ పేజీ నిండా రాస్తే, ఆయన సున్నా చుట్టి, "ఇలాగైతే ఎలా బాగుపడతావు నాయనా?" అని నిజంగానే బాధపడ్డారు. పిల్లవాడి తండ్రి టోపీ తీసి ఆయనకు దణ్ణం పెట్టి, కొడుకు వీపు మీద ఒకటి వేసి ఇంటికి తీసుకెళ్లాడు. మీరైనా అదే చేసేవారు.